రాత్రివేళ వినవచ్చే ఊరు

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి కార్డినల్స్ బేస్‌బాల్ జట్టు ప్రాణసమానం. 1950ల నాటి మాట: సరుకుల ఆర్డర్ల కోసం ఆ నగరం విడిచి రాష్ట్రాలు తిరిగే వర్తక ప్రతినిధికి జట్టుతో మిగిలిన బంధం కారులోని రేడియో ఒక్కటే. కె.ఎం.ఓ.ఎక్స్. కేంద్రపు శక్తి 50,000 వాట్లు. అయినా పగలు ఆ తరంగాలను ఆకాశంలోని ఒక పొర మ్రింగివేసేది. చీకటి పడ్డాక పైపొర వాటిని వందల మైళ్ల దూరాన నేలకు దించేది. వేసవిలో ప్రొద్దు ఆలస్యంగా క్రుంకుతుంది గనుక ఆట తొలిభాగం అతనికి దక్కేది కాదు. పోనీ, గెలుపోటములు మరునాటి పత్రికలోనైనా తెలియవచ్చు. ఇంటి వసారాలో తనవారు వింటున్న హారీ కారే కంఠాన్ని అదే క్షణాన తానూ వినడం పత్రికలో ఎక్కడ దొరుకుతుంది? ఆ కంఠమైనా నిలకడగా ఉండేదా! బంతి గాలిలోకి లేచిన సమయానికే సన్నగిల్లి గరగరలో కలిసిపోయేది. అతడు కారును బాటప్రక్కన ఆపి, మీట త్రిప్పుతూ, చెవి ఒగ్గి కూర్చునేవాడు.