ఆకుపచ్చగా వెలిగే విషపు రాయి: అడమైట్‌ని గుర్తుపట్టేదెలా?

తెలుగులో పాషాణం అంటే రాయి, విషం కూడా. ఈ రోజు మనం మాట్లాడుకునే అడమైట్‌కి రెండు అర్థాలూ సరిపోతాయి.

అడమైట్ అంటే జింక్ ఆర్సెనేట్. జింకు, ఆర్సెనిక్ ఉన్న ముడిఖనిజానికి భూమి పైపొరల్లో గాలి, నీళ్లు తగిలి మారినప్పుడు ఇది పుడుతుంది. దీని బరువులో సుమారు 26 శాతం ఆర్సెనిక్కే. 1866లో చార్ల్స్ ఫ్రీడెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చిలీ నుంచి వచ్చిన నమూనాలతో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ నమూనాలిచ్చిన జిల్బేర్ జోసెఫ్ ఆదాం పేరే దీనికి పెట్టారు. సేకరించేవాళ్లు బాగా కోరుకునేది మెక్సికోలో మాపిమీ దగ్గరున్న ఓహ్వేలా గని ముక్కల్ని.

సరే, గుర్తుపట్టడం ఎలా? చీకట్లో యూవీ టార్చి వేస్తే చాలా ముక్కలు ఆకుపచ్చగా వెలుగుతాయి. అందులో అతి స్వల్పంగా కలిసిన యురేనియం వల్ల ఆ వెలుగు. కానీ వెలిగిందల్లా అడమైట్ కాదండీ. విల్లెమైట్ కూడా ఆకుపచ్చగానే వెలుగుతుంది. పైగా రాగి కలిసిన అడమైట్ అసలు వెలగకపోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు. రాళ్లు పోగుచేసేవాళ్లకి అలవాటైన పరీక్షలేంటి? గీకి చూడటం, యాసిడ్ చుక్క వెయ్యడం, కాల్చి చూడటం, నాలుకతో తడపడం. ఆర్సెనేట్ అని అనుమానం వస్తే ఈ నాలుగూ మానెయ్యాలి. గీకితే విషపు పొడి రాలుతుంది. పలచటి యాసిడ్‌లో అడమైట్ కరిగి, ఆర్సెనిక్ ఆ ద్రవంలోకి వచ్చేస్తుంది. కాలిస్తే వెల్లుల్లి వాసన వస్తుందంటారు, నిజమే. కానీ ఆ వాసన తెలిసిందంటే పొగ అప్పటికే మీ ముక్కులోకి వెళ్లినట్టు. ఇక నాలుక సంగతి చెప్పక్కర్లేదు.

మరి ఏం చెయ్యాలి? భూతద్దంతో చూడండి. గోధుమరంగు లిమోనైట్ మీద విసనకర్రలా విచ్చుకున్న పసుపు, ఆకుపచ్చ స్ఫటికాలుంటే అనుమానం బలపడుతుంది. ఏ గని నుంచి వచ్చిందో లేబుల్ చూడండి. ఖాయంగా తేల్చాలంటే ఎక్స్-రే డిఫ్రాక్షన్ గానీ, మన సి.వి. రామన్ పేరుమీదున్న రామన్ పరీక్ష గానీ చేయించాలి. రామన్ పరీక్షకి రాయిని గీకక్కర్లేదు, కరిగించక్కర్లేదు.

అలాగని భయపడి పారెయ్యకండి. పొడి రాలని ముక్కని కాసేపు చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. ప్రమాదం అది కడుపులోకో ఊపిరితిత్తుల్లోకో వెళ్లినప్పుడే. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. దుమ్ము ఊదొద్దు, తడి కాగితంతో తుడిచి ఆ కాగితం పారెయ్యండి. తాగే నీళ్లలో స్ఫటికాలు వేసుకునే అలవాటుంటే ఇది మాత్రం అస్సలు వద్దు. షార్ట్‌వేవ్ దీపం వాడితే యూవీని ఆపే కళ్లజోడు తప్పనిసరి.

చివరిగా ఒక్క మాట. మూతున్న పెట్టెలో, పిల్లలకి అందనిచోట పెట్టి, పేరు కింద ‘ఆర్సెనిక్ ఉంది’ అని తెలుగులో రాయండి. ఆ పెట్టె రేపు ఎవరు తెరుస్తారో మనకి తెలీదు కదా. మళ్లీ ఇంకో రాయితో కలుద్దాం.