స్టీరింగు కింద పదహారు పిన్నులు

డ్రైవర్ సీట్లో కూర్చుని డాష్‌బోర్డు అడుగున, మోకాళ్లకు కాస్త పైన చెయ్యి పెట్టి తడిమితే ఒక సాకెట్టు తగులుతుంది. పై వరుసలో ఎనిమిది, కింది వరుసలో ఎనిమిది, మొత్తం 16 పిన్నులకు చోటుంటుంది. కొన్ని కార్లలో దానిమీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, కొన్నిట్లో ఫ్యూజు బాక్సు పక్కనే ఉంటుంది. పెట్రోలు కారైనా డీజిల్ కారైనా, హైదరాబాద్‌లో కొన్నదైనా డాలస్‌లో కొన్నదైనా ఈ సాకెట్టు ఆకారం మారదు. ఆయిల్ ఫిల్టర్ నుంచి తాళం చెవి దాకా ఎవరి కొలత వాళ్లదే అయిన పరిశ్రమలో ఇదొక్కటే అందరికీ ఎలా ఉమ్మడి అయింది? ఆ సంగతి తెలిస్తే, వెయ్యి రూపాయల లోపు దొరికే కోడ్ రీడర్‌ని ఎలా ఎంచుకోవాలో, అది చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. 1943 జులైలో ఆ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో జపాన్ విషవాయువు వదిలిందేమోనని కూడా కొందరు భయపడ్డారు. అసలు కారణం తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అనాసపండు రుచికి మూలమైన రసాయనాలను పరిశోధిస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ శాస్త్రవేత్త, ఆ నైపుణ్యాన్నే నగరం గాలి మీదకు మళ్లించాడు. కార్లూ రిఫైనరీలూ వదిలే ఇంధన ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో చూపించాడు. 1967లో చట్టం చేసి ఏర్పాటు చేసిన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు తొలి అధ్యక్షుడు కూడా ఆయనే.

1975 మోడళ్లతో అమెరికన్ కార్ల సైలెన్సర్ దారిలోకి కెటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ఆ వెనకే ఆక్సిజన్ సెన్సర్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ వచ్చాయి. వాటితో కొత్త చిక్కు కూడా వచ్చింది. కారు కొత్తలో పరీక్ష పాసవుతుంది. నాలుగేళ్లకు ఒక సెన్సర్ చచ్చిపోతుంది. బండి మాత్రం ఆగదు, యజమానికి తేడా తెలియదు, పొగ మాత్రం పెరిగిపోతుంది. రోడ్డు మీద తిరిగే లక్షల కార్లను ఎవరు కనిపెట్టుకుని కూర్చుంటారు? ఆ పని కారుకే అప్పగించాలని బోర్డు నిర్ణయించింది. 1988 మోడళ్ల నుంచి ప్రతి కారూ తన ఉద్గారాల వ్యవస్థను తానే గమనించుకోవాలని, లోపం కనిపిస్తే డాష్‌బోర్డు మీద లైటు వెలిగించాలని 1985లో నియమం చేసింది. ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్, పొట్టిగా ఓబీడీ, చట్టంగా మారింది అప్పుడే.

ఆ రోజుల్లో కోడ్ చదవడానికి పరికరమే అక్కర్లేదు. 1980లనాటి జనరల్ మోటార్స్ కార్లలో డాష్‌బోర్డు కింది కనెక్టర్‌లో ఏ, బీ అనే రెండు చోట్లను చిన్న తీగముక్కతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు కొట్టుకునేది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, వెంటవెంటనే రెండుసార్లు వెలిగితే 12. ఇంజిన్ ఆగి ఉందని, కోడ్ చెప్పే వ్యవస్థ సరిగ్గా ఉందని దాని అర్థం. ఆ తర్వాత అసలు కోడ్లు, ఒక్కొక్కటీ మూడేసి సార్లు. మెకానిక్కు కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించేవాడు. అయితే హోండాకు వేరే కనెక్టర్, ఫోర్డ్‌కు వేరే సంఖ్యలు. ఒక కంపెనీ కోడ్ ఇంకో కంపెనీ కారులో పనికొచ్చేది కాదు.

ఈ గందరగోళాన్ని తీర్చింది ఓబీడీ-2. కాలిఫోర్నియా దాన్ని 1989లో ఆమోదించింది, 1990 నాటి అమెరికా క్లీన్ ఎయిర్ చట్ట సవరణలు దేశమంతటికీ విస్తరించాయి. సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజినీర్స్ సాకెట్టు ఆకారాన్ని, కోడ్ల పేర్లను, అడగాల్సిన ప్రశ్నలను ప్రమాణాలుగా రాసింది. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ అది తప్పనిసరైంది. యూరప్‌లో 2001 నుంచి కొత్త పెట్రోలు కార్లకు ఇలాంటి నియమమే వచ్చింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో మొదలయ్యాయి, వాటిలో హైదరాబాద్ ఒకటి. వాటితో పాటే ఓబీడీ-1 వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 అమలైంది.

ఈ రెండో తరం వ్యవస్థ చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? ఒక్కో సిలిండర్ పేలినప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్‌కు ఒక తోపు అందుతుంది. ఒక తోపు తప్పితే షాఫ్ట్ తిరగడం సెకనులో అతిచిన్న భాగంపాటు మందగిస్తుంది. షాఫ్ట్ సెన్సర్ పళ్ల చక్రం మీద ఆ ఆలస్యాన్ని కొలుస్తుంది. అది ఒకటో సిలిండర్ వంతులో జరిగితే కోడ్ పీ0301, ఎక్కడంటే అక్కడ జరుగుతుంటే పీ0300. కన్వర్టర్‌ను కనిపెట్టుకోవడానికి దాని ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. మామూలు పెట్రోలు ఇంజిన్లో ముందుది పైకీ కిందికీ ఊగుతూ ఉంటే, కన్వర్టర్ బాగున్నంతకాలం వెనకది నిలకడగా ఉంటుంది. రెండూ ఒకేలా ఊగడం మొదలైతే పీ0420.

కోడ్‌లో మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేర్‌బాక్సు. బీ అయితే బాడీ. సీ అయితే బ్రేకులు, స్టీరింగు వంటివి. యూ అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణ. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్, ఒకటి అయితే చాలావరకు ఆ కంపెనీ సొంతం.

సాకెట్టు ఒకటే అయినా మొదట్లో దాన్ని చదివే స్కానర్లు ఖరీదైనవి, షెడ్లకే పరిమితం. వాటిని ఇళ్లలోకి తెచ్చింది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ. కార్లు మాట్లాడే రకరకాల సంకేతాలను మామూలు అక్షరాలుగా మార్చే ఈఎల్ఎమ్327 అనే చిప్‌ను అది 2005లో విడుదల చేసింది. ఫోన్‌లోని యాప్ ఇంజిన్ వేడెంత అని అడిగితే కారు ఒక సంఖ్య పంపుతుంది. 130 వస్తే అందులోంచి 40 తీసేయాలి, అంటే 90 డిగ్రీలు. ఇంజిన్ వేగానికి రెండు సంఖ్యలొస్తాయి. 12, 128 వచ్చాయనుకోండి: 12ను 256తో గుణించి, 128 కలిపి, 4తో భాగిస్తే నిమిషానికి 800 చుట్లు.

ఆ చిప్ తొలి వెర్షన్‌లోని ప్రోగ్రాం కాపీ కాకుండా రక్షణ పెట్టలేదు. దాన్ని ఎత్తి రాసుకున్న నకళ్లు ప్రపంచమంతా పరుచుకున్నాయి. అసలు సంస్థ 2022లో మూతపడింది. ఈ రోజు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ డాంగిళ్లు దాదాపు అన్నీ ఆ నకళ్లే. చాలావాటి మీద వెర్షన్ 1.5 అని ఉంటుంది. అసలు సంస్థ ఆ సంఖ్యతో చిప్‌ను ఎన్నడూ విడుదల చేయలేదు. కాబట్టి పెట్టె మీది వెర్షన్ సంఖ్య చూసి కొనడం అనవసరం.

మరి ఏం చూడాలి? ముందు ఫోన్. ఐఫోన్ ఉంటే పాత రకం బ్లూటూత్ డాంగిల్ పనిచేయదు, వైఫై రకమో బ్లూటూత్ లో ఎనర్జీ రకమో కావాలి. ఆండ్రాయిడ్‌కు మామూలు బ్లూటూత్ చాలు, జోడించేటప్పుడు అడిగే పిన్ చాలావరకు 1234 లేదా 0000. ఫోన్‌తో పని లేకుండా ఇంట్లో అందరూ వాడుకోవాలంటే వైరూ, చిన్న తెరా ఉన్న చేతి రీడర్ మేలు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ లైట్ల కోడ్లు చదవాలంటే మీ కంపెనీ కారుకు ఆ సౌకర్యం ఉందని స్పష్టంగా రాసిన పరికరమే కొనాలి. చట్టం ఉమ్మడి చేసింది పొగకు సంబంధించిన భాగాన్నే, చవక రీడర్లు అక్కడితో ఆగిపోతాయి.

కొన్నాక ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. యాప్‌లో వాహన గుర్తింపు సంఖ్య అడగండి. ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు పొల్లుపోకుండా రావాలి. నాసిరకం నకళ్లు ఇంత పొడవైన జవాబును మధ్యలో పోగొడతాయి. కొన్ని పాత కార్లు ఈ వివరాన్ని అసలే ఇవ్వవు కాబట్టి వీలైతే ఇంకో కారులో కూడా చూడాలి. పని కాగానే డాంగిల్ తీసేయాలి. 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది.

ఇక అసలు వాడకం. లైటు కొట్టుకుంటూ ఉంటే సాధారణంగా తీవ్రమైన మిస్సింగ్ అని అర్థం. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. బండి పక్కకు ఆపాలి. నిలకడగా వెలుగుతూ ఉండి, ఆయిల్, టెంపరేచర్ లైట్లు వెలగకుండా, బండి మామూలుగా నడుస్తుంటే ఇల్లు చేరాక తాపీగా చూడవచ్చు.

పీ0171 వచ్చిందనుకుందాం. ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని దాని అర్థం. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చాలామంది వెంటనే దాన్ని మార్పిస్తారు. నిజానికి ఆ సెన్సర్ తన పని తాను చేసి కబురు చెప్పింది. థర్మామీటర్ మార్చినంత మాత్రాన జ్వరం తగ్గదు కదా. ఇక్కడ లైవ్ డేటాలోని ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో కంప్యూటర్ అక్కడ చెబుతుంది. బాగున్న ఇంజిన్లో అది సున్నాకు అటూ ఇటూగా ఉంటుంది, ప్లస్ 10 దాటితే అనుమానించాలి. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో ఐడిలింగ్ మీద ప్లస్ 20 ఉండి, యాక్సిలరేటర్ తొక్కి 2,500 చుట్ల దగ్గర నిలిపితే ప్లస్ 4కు దిగిందంటే ఎక్కడో రబ్బరు గొట్టం చీలి దొంగదారిన గాలి దూరుతోందన్నమాట. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. అదే ఐడిలింగ్‌లో బాగుండి వేగం పెరిగేకొద్దీ పైకి పోతుంటే ఫ్యూయల్ పంపు బలహీనపడి ఉండాలి, ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికిపట్టి ఉండాలి. కోడ్ రెండింటికీ ఒకటే, రిపేరు ఒకటి కాదు.

చవక రీడర్లలో అతి ప్రమాదకరమైన బటన్ ఎరేజ్. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతో పోతుంది. లోపం పట్టుబడిన క్షణాన వేగమెంత, ఇంజిన్ వేడెంత, లోడు ఎంత అని కంప్యూటర్ దాచిపెట్టిన వివరాలవి. చల్లటి ఇంజిన్‌లోనే వచ్చే లోపమా, ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చేదా అన్నది వాటిలోనే తెలుస్తుంది. చెరిపే ముందు తెరను ఫొటో తీసుకోవాలి.

ఎరేజ్ కొట్టినప్పుడు కారు తనమీద తాను చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ కూడా మొదటికొస్తాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇది పెద్ద ఆసరా. లైటు లేదు, కోడ్లు లేవు, కానీ రెడీనెస్ పట్టికలో చాలా పరీక్షలు అసంపూర్తి అని ఉంటే, కోడ్లు చెరిపాక నడిచిన దూరం ఐదారు కిలోమీటర్లే అని ఉంటే, ఈమధ్య కోడ్లు చెరిపారో బ్యాటరీ విప్పారో అయి ఉండాలి. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమని అడగడం కొనేవాడి హక్కు.

హక్కు అన్న మాట ఊరికే అనడం లేదు. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి షెడ్లకు అందనివ్వడం లేదన్న కేసులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కారు తన గురించి దాచుకున్న సమాచారం ఎవరికి అందాలన్న పేచీ ఇంకా నడుస్తోంది. అందరికీ అందాలని చట్టం ఇప్పటికే తేల్చిన భాగం ఆ పదహారు పిన్నుల వెనక ఉంది.

దాన్ని వాడుకోవడం అంటే మెకానిక్కు పని మనం లాక్కోవడం అని అర్థం కాదు. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో, రెండు వేగాల దగ్గర ఫ్యూయల్ ట్రిమ్ రాసుకుని షెడ్డుకు వెళితే మంచి మెకానిక్కుకు సగం శ్రమ తప్పుతుంది. ఫలానా పార్టు మార్చాలని ఆయన చెప్పినప్పుడు ఏ పరీక్ష చేసి తేల్చారని మర్యాదగానే అడగవచ్చు. కోడ్ వచ్చింది కాబట్టి అన్నది దానికి జవాబు కాదని మనకు ముందే తెలిసి ఉంటుంది.