నది రాత్రిపూట ఎలా ఉంటుంది?

నాచు పట్టిన ఏటి నీటికి పగలొక లెక్క, రాత్రొక లెక్క. ఎండ ఉన్నంతసేపూ నాచు, నీటిమొక్కలు నీటిలోకి ఆక్సిజన్ వదులుతుంటాయి. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు అది బాగా పెరిగి ఉంటుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది గానీ వాడకం ఆగదు. చేపలు, పురుగులు, బాక్టీరియా, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ఆ నాచు కూడా రాత్రంతా పీలుస్తూనే ఉంటాయి. తెల్లవారుజాముకు మోతాదు అట్టడుక్కి పోతుంది. చేపల చెరువు ఉన్నవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. కోడి కూసే వేళకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఏరేటర్ వేయాలని వాళ్లకు తెలుసు. నది నీటి నమూనా తీసే ఉద్యోగి మాత్రం జీపు దిగేది పదకొండింటికి. తనిఖీ అధికారి వచ్చే రోజు బడి ఎలా ఉంటుందో ఆ వేళకు నదీ అలాగే ఉంటుంది.

ఆ ఉద్యోగిని తప్పుపట్టడానికి లేదు. దశాబ్దాలపాటు ఆయన చేతిలో ఉన్న పరికరం సీసా ఒక్కటే. రాత్రీ పగలూ నీళ్లలోనే ఉండి, పావుగంటకోసారి అంకె పంపే యంత్రం రావడానికి చాలా కాలం పట్టింది.

మొదట నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉంటుందో చూద్దాం. ముప్పై డిగ్రీల వేడి ఉన్న శుభ్రమైన నీరు గాలి నుంచి లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి కలుపుకోలేదు. వేడి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. తెలంగాణలోని జహీరాబాద్ లాంటి చోట మరో మెలిక ఉంది. సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన ఉన్న పీఠభూమి కాబట్టి గాలి ఒత్తిడి తక్కువ. అదే నీరు ఇక్కడ ఇంచుమించు ఏడు దగ్గరే ఆగిపోతుంది. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి పనికొచ్చే నీటిలో ఐదు, చేపలు బతికే నీటిలో నాలుగు మిల్లీగ్రాములైనా ఉండాలి. అంటే ఉన్న వెసులుబాటే రెండు, మూడు మిల్లీగ్రాములు.

ఇంత చిన్న మోతాదును కచ్చితంగా కొలిచే పద్ధతిని 1888లో బుడాపెస్ట్‌లో లాయోష్ వింక్లర్ కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఆ పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో బతికే ఉంది. మూడు వందల మిల్లీలీటర్ల గాజుసీసాను గాలిబుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, దాని వెంట క్షారం కలిసిన అయొడైడు వేసి, బిరడా బిగించి తలకిందులు చేస్తారు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఇటుకరంగు మడ్డి లేస్తుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉంటుంది. చూసే కన్నుకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆపైన ఆమ్లం పోస్తే మడ్డి కరిగి, ఉన్న ఆక్సిజన్‌కు సరిపడా అయొడిన్ విడుదలై నీరు పచ్చబడుతుంది. అందులోకి బ్యూరెట్ నుంచి హైపో ద్రావణం చుక్కచుక్కగా వదులుతారు. పచ్చదనం పలచబడ్డాక కాస్త గంజి కలిపితే నీరు ముదురు నీలమవుతుంది. ఏ చుక్కకు ఆ నీలం చటుక్కున మాయమవుతుందో అక్కడ ఆపి లెక్క కడతారు. ఒక్క చుక్క ఎక్కువైతే కొలత పోయినట్టే. చదువుకునే రోజుల్లో ఈ ప్రయోగం చేసినవాళ్లకు ఆ నీలం పోయే క్షణం గుర్తుండే ఉంటుంది.

ఈ పద్ధతి మీదే బీఓడీ పరీక్ష నిలబడింది. మురుగునీటిని తినే బాక్టీరియా ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చూసే ఈ పరీక్షకు బ్రిటన్‌లోని మురుగునీటి రాయల్ కమిషన్ 1912 నివేదిక రూపం ఇచ్చింది. అక్కడి నదులు ఐదు రోజుల్లోపే సముద్రం చేరతాయి కాబట్టి గడువు ఐదు రోజులు పెట్టారని చెబుతారు. మన దేశపు వేడికి తగ్గట్టు ఇక్కడ దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకు మార్చుకున్నాం. ఎలా చూసినా ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు ఎక్కడో దిగువన ఉంటాయి.

సీసా అవసరం లేకుండా చేసినవాడికి నదులతో పనే లేదు. అమెరికాలో ఒహైయో రాష్ట్రం ఎల్లో స్ప్రింగ్స్‌లో లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త, గుండె ఆపరేషన్ సమయంలో రక్తానికి బయటే ఆక్సిజన్ ఎక్కించే యంత్రం మీద పనిచేస్తున్నాడు. ‘రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలవకుండా నీ యంత్రం పనిచేస్తోందని ఎలా నమ్మాలి?’ అన్నట్టుగా పత్రిక ఆయన వ్యాసాన్ని తిప్పి పంపిందట. కొలవడానికి ప్లాటినం తీగ ఉంది. కానీ రక్తంలో పెట్టగానే ప్రోటీన్లు దాన్ని కప్పేసేవి. ముందు సెల్లోఫేన్ చుట్టి చూశాడు. 1954 అక్టోబరులో ప్లాటినాన్నీ, దాని జతగా ఉండే వెండినీ కలిపి, పొటాషియం క్లోరైడు ద్రావణంతో సహా ఒకే పాలిథీన్ పొర వెనక పెట్టాడు. ఆ పొరలోంచి ఆక్సిజన్ దూరుతుంది, నీరూ ఉప్పులూ దూరవు. ఒక వోల్టుకు కాస్త తక్కువ విద్యుత్ పీడనం ఇస్తే, లోపలికొచ్చిన ప్రతి ఆక్సిజన్ అణువూ ప్లాటినం దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. తీగలో పారే ఆ కరెంటే కొలత. మరో ఎనిమిదేళ్లకు క్లార్క్ ఈ పొర మీద ఒక ఎంజైము అద్ది రక్తంలో చక్కెర కొలిచే దారి కూడా చూపాడు. ఇవాళ షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో ఉండే మీటరు ఆ దారిలో వచ్చిందే.

ఆసుపత్రిలో పుట్టిన ఈ ఎలక్ట్రోడు నదిలోకి దిగాక దాని లోపం బయటపడింది. కొలిచే పనిలో అది తన ముందున్న ఆక్సిజన్‌ను తనే తినేస్తుంది. నీరు కదలకపోతే ఆ కాస్త చోటా ఖాళీ అయి అంకె తప్పుడుగా పడిపోతుంది. పైగా పొర మీద జిగురు పడుతుంది, లోపలి ద్రావణం ఎండుతుంది. వారాలకొద్దీ నదిలో వదిలేయడానికి ఇది కుదరదు.

దీనికి పరిష్కారం చూపించింది ఒక వెలుగు. ఆక్సిజన్ తగిలితే కొన్ని రంగుల మెరుపు మసకబారుతుందని 1930ల్లో జర్మనీలో హాన్స్ కౌట్‌స్కీ గమనించాడు. ఆ సూత్రంతో పనిచేసే నది పరికరాలు మార్కెట్లో నిలదొక్కుకున్నది మాత్రం ఈ శతాబ్దం మొదటి దశకంలోనే. సెన్సర్ చివరన చిన్న టోపీ ఉంటుంది, దాని మీద రంగుపూత. నీలిరంగు వెలుగు పడగానే ఆ పూత ఎర్రగా మెరిసి ఆరిపోతుంది. నీటిలో ఆక్సిజన్ ఎక్కువుంటే త్వరగా ఆరుతుంది. సెకనులో లక్షో వంతు లెక్కలో ఆ ఆరిపోయే కాలాన్ని కొలిస్తే చాలు, ఆక్సిజన్ ఖర్చు కాదు, నీటిని కదిలించనక్కర్లేదు. దీని పక్కనే పీహెచ్, ఉష్ణోగ్రత, మడ్డితనం, విద్యుద్వాహకత కొలిచే సెన్సర్లను ఒకే గొట్టంలో అమర్చి, తుడవడానికి చిన్న బ్రష్షు, గట్టు మీద సోలార్ పలక, సిమ్ కార్డు పెడితే నదికి కాపలా సిద్ధం. గంగ మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 నాటికి ఇలాంటి 36 కేంద్రాలను నడిపింది.

ఇక జహీరాబాద్ సంగతి. పట్టణం మంజీర నది ఒడ్డున లేదు. కోహీర్, జహీరాబాద్ ఎర్రనేలల మీద పడ్డ వాన నారింజ వాగులో చేరి రాష్ట్రం దాటి కర్ణాటకలోని బీదర్ వైపు పోతుంది. అక్కడ కారంజా జలాశయంలో ఆగి, మంజీరలో కలుస్తుంది. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి లాతూరు మీదుగా వచ్చిన ఆ మంజీర మళ్లీ మన న్యాలకల్ పొలిమేరలకు తిరిగొచ్చి సింగూరులో నిలుస్తుంది. అంటే జహీరాబాద్ వదిలిన నీళ్లు పొరుగు రాష్ట్రం చూసి వెనక్కి వస్తాయి. 29.9 టీఎంసీల సింగూరు హైదరాబాద్‌కు తాగునీరు ఇచ్చిన జలాశయం. దానికి ఎగువనే, న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాల్లో నిమ్జ్ (జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలం) తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. ఫ్యాక్టరీల కంటే ముందే ఇక్కడ సెన్సర్లు రావాలని నా వాదన. నది మామూలుగా ఎలా ఉండేదో ముందు నాలుగైదేళ్ల లెక్క లేకపోతే, రేపు తేడా వచ్చినప్పుడు దేనితో పోల్చి చూపిస్తాం?

పటాన్‌చెరులో ఆ లెక్క లేకనే ఇబ్బంది పడ్డాం. అక్కడి పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరకు చేరేవి. 1990లో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక గానీ కదలిక రాలేదు. వాగు ఎప్పుడు రంగు మారిందో, ఏ రాత్రి ఘాటు వాసన వచ్చిందో చెప్పడానికి ఊరివాళ్ల నోటిమాటే ఆధారం. విద్యుద్వాహకత సెన్సర్ ఒక్కటున్నా చాలా తెలిసేది. మంచి ఏటినీటిలో వందల్లో ఉండే అంకె, లవణాలు నిండిన వ్యర్థజలం కలవగానే వేలల్లోకి లేస్తుంది. ఏ పదిగంటలకు లేచిందో, ఏ రెండింటికి దిగిందో గీత కనబడుతుంది.

అలాగని యంత్రం అన్నీ చూస్తుందనుకోకూడదు. 2007లో స్వీడన్‌కు చెందిన యోఆకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. రోజుకు 45 కిలోల మందు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేంత. ఆ నీటిలో ఆక్సిజన్ సెన్సర్ వేలాడదీసినా ఈ సంగతి దానికి పట్టదు. దానికి ఖరీదైన ప్రయోగశాల పరికరం, వెతకాలన్న అనుమానం ఉన్న మనిషి కావాలి. బీఓడీనీ, దాని జతగా రసాయనాలతో కొలిచే సీఓడీనీ కాంతితో అంచనా వేసే సెన్సర్లదీ ఇలాంటి పరిస్థితే. నీరు అతినీలలోహిత కిరణాలను ఎంత పీల్చుకుంటుందో అవి కొలుస్తాయి. ఆ కొలతను స్థానిక నీటితో సరిచూడకపోతే అంకె ఉంటుంది గానీ అర్థం ఉండదు.

2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలి 17 రకాల పరిశ్రమలను నిరంతర పరికరాలు పెట్టుకోమని ఆదేశించింది. చక్కెర, డిస్టిలరీ, మందుల తయారీ అందులో ఉన్నాయి. గడువు 2015 మార్చి. మంచి ఆదేశమే, కానీ ఆ సెన్సర్ ఫ్యాక్టరీ గొట్టంలో, ఫ్యాక్టరీ మనుషుల చేతిలో ఉంటుంది. గొట్టంలోంచి రానిది, ట్యాంకరులో పోయినది దానికి తెలియదు. అందుకే వాగులోనూ ఒకటి ఉండాలంటాను. న్యాలకల్ దగ్గర మంజీర తెలంగాణలోకి అడుగుపెట్టే చోట ఒకటి, రాష్ట్రం దాటే ముందు నారింజ మీద ఒకటి. బీదర్ జిల్లా సాయిగావ్‌లో కేంద్ర జలసంఘం ప్రవాహం కొలుస్తోంది కాబట్టి, ఎంత నీటిలో ఎంత మలినం వచ్చిందో లెక్క కట్టడం పెద్ద కష్టం కాదు.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. తొలకరికి ఎర్రమట్టి నీళ్లు వచ్చి గాజు మీద పొర కడతాయి. వేసవిలో నాచు పెరుగుతుంది. సెన్సర్ టోపీని ఏడాది, రెండేళ్లకోసారి మార్చాలి. టెండర్లో యంత్రం ధర బాగానే రాస్తారు, తుడిచే మనిషి జీతం మరిచిపోతారు. మరోవైపు, యంత్రం చూపిన అంకె ఒక్కటే కోర్టులో సరిపోదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం యజమానికి నోటీసిచ్చి, ఎదురుగా నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి. కనుక రాత్రి రెండింటికి విద్యుద్వాహకత ఎగిరిందని ఫోను మోగితే, అందుకున్న అధికారి తెల్లారేలోగా సీసా పట్టుకుని ఆ ఫ్యాక్టరీ తూము దగ్గరికి చేరుకోవాలి.