మన పేరు మరచిపోయిన తల్లిదండ్రులు

ఈ దినము మనము ఒక ఇంటి సంగతిని గూర్చి మాట్లాడుకొందాము. గుర్రంకొండ చుట్టుప్రక్కల ఏ పల్లెకు వెళ్లినా ఇటువంటి ఇల్లు ఒకటి కనబడుతుంది. కోడలు అత్తకు సంగటి పెట్టి, చెయ్యి కడిగించి, గిన్నెలు తోముకొనుటకు పోతుంది. పది నిమిషాలు కాకముందే ఆ అవ్వ వీధి అరుగు మీద కూర్చొని, "రెండు దినాలుగా నా కోడలు నాకింత ముద్ద పెట్టలేదమ్మా" అని ప్రక్కింటివారితో చెప్పుచుంటుంది. విన్నవారు నమ్ముతారు. ఆదివారము నాటికి ఆ మాట సంఘమంతా పాకిపోతుంది.

ఇక్కడ అవ్వ అబద్ధమాడలేదు, కోడలు అన్యాయము చేయలేదు. అవ్వ మెదడుకు జబ్బు చేసినది. దానిని డాక్టర్లు డిమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్ అను రకము. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ అల్జీమర్ దీనిని మొదటిసారి వివరించినాడు గనుక ఆయన పేరే దీనికి నిలిచిపోయినది. బి.పి., షుగరు అదుపులో లేక మెదడులోని రక్తనాళాలు పాడై వచ్చే రకము కూడ ఉన్నది.

ఈ జబ్బు సాధారణముగా క్రొత్త జ్ఞాపకాలను ముందు తినివేస్తుంది, పాతవాటిని చివరివరకు వదలిపెడుతుంది. అందుకే ఆ అవ్వ చిన్ననాడు సండే స్కూలులో నేర్చిన పాటను తప్పు లేకుండ పాడుతుంది గాని ఉదయము తిన్న సంగటి ఆమెకు జ్ఞాపకముండదు. తిన్నది జ్ఞాపకములేదు గనుక తినలేదనే ఆమె నిజముగా నమ్ముతుంది. డబ్బు ఎక్కడో దాచి, దాచిన సంగతి మరచిపోయి, దొంగిలించినారని కేకలు వేయుటకు కారణము కూడ ఇదే. "ఇప్పుడే గదా తిన్నావు!" అని వాదిస్తే ఆమెకు అవమానము తప్ప జ్ఞాపకము రాదు. "అలాగే అవ్వా, తెస్తాను" అని కొంచెము మజ్జిగ చేతికిచ్చి, మాట మరొక దారికి మళ్లించుట మేలు.

ఇది పట్టణాల జబ్బు అనుకొనేవారున్నారు. 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త పరిశోధన ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ జబ్బు ఉన్నది. పట్టణాలకంటె పల్లెలలోనే ఎక్కువ, పురుషులకంటె స్త్రీలలో ఎక్కువ. మనకు దగ్గరలోనే ఉన్న వేలూరు పల్లెలలో కూడ 10/66 అను పరిశోధన బృందము ఈ జబ్బును పరిశీలించినది. ఆ పేరు వింతగా ఉన్నది గదా. ఆ దినాలలో ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి 66 మంది మనవంటి దేశాలలోనే ఉండిరి. అయితే వారిని గూర్చి జరిగిన పరిశోధన నూటికి 10 వంతులైనను లేదు. అందుకని ఆ పేరు పెట్టుకొన్నారు.

మనవారు దీనిని "ముసలితనము, చాదస్తము" అని వదిలేస్తారు, లేకపోతే దయ్యము పట్టినదని తాయెత్తు కట్టిస్తారు. విశ్వాసులమైన మనము కూడ దయ్యమును వెళ్లగొట్టుదుమని ఆ ముసలి ప్రాణము చుట్టూ చేరి కేకలు వేయుట ఉన్నది. అది ఆమెను భయపెట్టుటే. ప్రార్థన చేయండి, మెల్లగా చేయి పట్టుకొని చేయండి, డాక్టరు దగ్గరకు కూడ తీసికొనిపొండి. బి12 విటమిను తక్కువైనా, థైరాయిడు చెడినా, మనోవేదన లోతుగా ఉన్నా మతిమరుపు ఇలాగే కనబడవచ్చును, వాటికి వైద్యమున్నది. రెండు మూడు దినాలలోనే ఉన్నట్టుండి మతి తప్పితే మూత్రములో ఇన్ఫెక్షను గాని జ్వరము గాని ఉండవచ్చును, ఆలస్యము చేయకూడదు. అల్జీమర్సును పూర్తిగా పోగొట్టే మందు లేదు. కొంతకాలము నెమ్మదిపరచే మాత్రలున్నవి. ఒకప్పుడు క్షయను కూడ మన ఇండ్లలో సిగ్గుతో దాచేవారు. మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరములో మిషనెరీలు 1915లో క్షయ ఆసుపత్రి తెరచిన తరువాత ఎంతమంది ధైర్యముగా బయటికి వచ్చినారో పెద్దలకు తెలుసు.

పల్లె ఇంటిలో ఒక అపాయమును ముఖ్యముగా చెప్పాలి. టమోటా తోటకు కొట్టే మందు డబ్బాలు మంచము క్రింద, అటక మీద ఉంటవి. మతి తప్పినవారు దానిని పానీయమనుకొని త్రాగవచ్చును. పెట్టెలో పెట్టి తాళము వేయండి. బావికి అడ్డుకంచె కట్టండి. పొయ్యి దగ్గర ఒంటరిగా విడువవద్దు. సాయంకాలమైతే కొందరు "మా ఇంటికి పోతాను" అని బయలుదేరుతారు, అందుచేత పొద్దు గూకకముందే దీపము వేసి, ప్రక్కన ఒకరు కూర్చొనుట మంచిది. ఫోను నంబరు వ్రాసిన చీటీని బట్టకు కుట్టండి.

ఇక వంతులను గూర్చి. నాయన ఒక నెల పెద్దకొడుకు ఇంట, ఒక నెల చిన్నకొడుకు ఇంట, ఆ తరువాత బెంగుళూరు కూతురు ఇంట. న్యాయముగానే కనబడుతుంది. కాని ఈ జబ్బు ఉన్నవానికి ప్రతి ఇల్లు మార్పు ఒక అడవిలో దారి తప్పినట్లే. మరుగుదొడ్డి ఎటున్నదో తెలియదు, రాత్రి లేచి గోడకు కొట్టుకొంటాడు. సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో బర్జిల్లయి అను ముసలివాని చూడండి. దావీదు రాజు తనతోకూడ యెరూషలేములో ఉంచి పోషిస్తానన్నాడు. ఎనభై ఏండ్ల ఆ మనుష్యుడు తనకిప్పుడు అన్నము రుచి, పాట వినుట తెలియవని చెప్పి, తన ఊరిలోనే, తల్లిదండ్రుల సమాధి దగ్గరే ఉండనిమ్మని వేడుకొన్నాడు. రాజు బలవంతము చేయలేదు, ముద్దుపెట్టుకొని దీవించి పంపినాడు. కాబట్టి మనుష్యుని త్రిప్పుటకంటె ఖర్చును, పనిని వంతులు వేసికొనుట మంచిది. బెంగుళూరులో ఉన్నవారు, కువైట్‌లో ఉన్నవారు డబ్బు పంపవచ్చును, సెలవులో వచ్చి పదిహేను దినాలు తామే స్నానము చేయించవచ్చును.

మతి తప్పినవారిచేత ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించుకొనుట కూడ మన పల్లెలలో జరుగుచున్నది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము, చూచుకొంటామను షరతుతో ఆస్తి వ్రాయించుకొని చూడనివారి దస్తావేజును ట్రిబ్యునలు రద్దు చేయగలదు. వృద్ధుల సమస్యలకు 14567, మనసు భారముగా ఉన్న కుటుంబీకులకు 14416, రెండును ఉచిత ఫోను నంబర్లే.

ఆ కోడలిని మనము మరచిపోరాదు. అత్తను విడిచి రాలేక ఆమె గుడికి వచ్చి ఎన్ని ఆదివారాలైనదో లెక్కపెట్టినామా? స్త్రీల సమాజములో ఇద్దరు వంతు వేసికొని, ఆరాధన సమయములో ఆ ఇంట అవ్వ ప్రక్కన కూర్చొని పాత పాటలు పాడవచ్చును. అవ్వ వారి పేర్లు అడుగుతుంది, అయిదు నిమిషాలకు మరల అడుగుతుంది. మరల చెప్పండి.