రోడ్డును కాచే ఉప్పు, సైకిలును తినే ఉప్పు

బ్రిటన్ చలికాలంలో రేసు సైకిలుకు అసలు శత్రువు చలి కాదు. ఆ శత్రువును జయించడానికి కావలసింది బకెట్టు నీళ్లు, గుడ్డపేలిక, పది నిమిషాల ఓపిక.

డిసెంబరు నెలలో ఇంగ్లండు దేశాన సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు వాలిపోతుంది. ఆ రాత్రి రోడ్ల మీద నీరు గడ్డకట్టే సూచనలున్నాయని వాతావరణ నిపుణులు హెచ్చరించడమే తరువాయి, ఉప్పు నింపుకున్న లారీలు ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతాయి. లారీ వెనుక గిర్రున తిరిగే పళ్లెం ఒకటి గోధుమ రంగు ఉప్పు రవ్వను రోడ్డు పొడవునా వెదజల్లుతూ పోతుంది. తెల్లవారి ఆ దారిన ప్రయాణించే వారందరి క్షేమం ఆ ఉప్పు మీద ఆధారపడి ఉంటుంది. వారిలోనూ సైకిలు మీద వెళ్లేవారికి అది మరీ ముఖ్యం. మంచు పెంకు మీద జారిన కారు ఎలాగో నిలదొక్కుకోవచ్చు. బొటనవేలంత వెడల్పు టైర్ల మీద నడిచే రేసు సైకిలు ఒక్కసారి జారిందంటే మనిషిని నేలకు విసరక మానదు.

అయితే దారిలో మనిషిని కాపాడిన ఆ ఉప్పే, అతడు ఇల్లు చేరి, సైకిలును కొట్టంలో గోడకు ఆనించి, వేడి తేనీటి కోసం లోపలికి వెళ్లాక సైకిలును నిశ్శబ్దంగా తినడం ఆరంభిస్తుంది. చలికాలంలో సైకిలు సంరక్షణ అంటే మెరుగు పెట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాలంతో పందెం. అంటుకున్న ఉప్పును ఎంత త్వరగా వదిలించగలమన్నదే అందులోని ప్రశ్న.

ఉప్పుకున్న రెండు గుణాలు

బ్రిటన్ రోడ్లపై చల్లే ఉప్పు ప్రధానంగా గనుల నుంచి తవ్వి తీసే రాతి ఉప్పు. చెషైర్ ప్రాంతంలోని విన్స్‌ఫర్డ్ వద్ద 1844లో బొగ్గు కోసం వెతుకుతున్న వారికి బొగ్గుకు బదులు ఉప్పు పొర తగిలింది. సుమారు 22 కోట్ల సంవత్సరాల క్రితం ఆ ప్రాంతాన్ని ముంచెత్తిన సముద్రజలం ఆవిరైపోగా మిగిలిన నిక్షేపమది. తగినంత గాఢత గల ఉప్పునీరు సున్నాకు దిగువన 21 డిగ్రీల వరకు గడ్డకట్టదు. రోడ్ల మీద అంతటి గాఢత నిలవదు కనుక, సున్నాకు దిగువన ఏడెనిమిది డిగ్రీలు దాటితే ఉప్పు ప్రభావం బాగా సన్నగిల్లుతుంది. బ్రిటన్ చలికి సాధారణంగా ఆ మాత్రం సరిపోతుంది.

రోడ్డుకు మేలు చేసే ఈ ఉప్పులో సైకిలుకు కీడు చేసే గుణాలు రెండున్నాయి. మొదటిది తేమను పీల్చుకోవడం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానిని లాక్కొని తానే నీరవుతుంది. వానాకాలంలో మన వంటింటి ఉప్పుజాడీ చెమ్మగిల్లడం అందరూ ఎరిగినదే. బ్రిటన్ చలికాలపు గాలిలో తేమ తరచుగా అంతకు మించే ఉంటుంది. కనుక ఉప్పు పట్టిన సైకిలు వారం రోజులు కొట్టంలో నిలబడినా పూర్తిగా ఆరదు. పైకి పొడిగా కనిపించినా కీళ్ల సందుల్లో చెమ్మ అలాగే ఉంటుంది.

రెండవది విద్యుత్తుకు దారి ఇవ్వడం. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో ప్రకటించిన బ్యాటరీ నిర్మాణం చాలా సులువైనది. రెండు వేర్వేరు లోహాల బిళ్లల నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కను ఉంచితే విద్యుత్తు పుట్టింది. నేటి రేసు సైకిలులో అల్యూమినియం, ఉక్కు, కార్బన్ నార పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. వాటి సందులోకి ఉప్పునీరు చేరినప్పుడు ప్రతి అతుకూ ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. ఆ విద్యుత్తుకు మూల్యం చెల్లించేది లోహమే. ఉక్కు ఎర్రగా తుప్పు పడుతుంది. అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది. కార్బన్ ఫ్రేములో దిగిన అల్యూమినియం సీటు గొట్టం వసంతం వచ్చేనాటికి ఎవరెంత లాగినా కదలనంతగా బిగుసుకుపోవచ్చు.

మన ఊళ్లలో తరతరాలుగా తిరిగిన బరువైన సైకిలుకు చైను కవరు, నిండు మడ్‌గార్డులు ఉండేవి. రేసు సైకిలు వేగం కోసం ఆ వస్త్రాలన్నీ విడిచిన దిగంబరి. అందుకే దానికి రక్షణ యజమాని చేతుల్లోనే ఉంది.

పది నిమిషాల పని

అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పే సూత్రం ఒక్కటే: ముందు సైకిలు, తరువాత మనిషి. ఇంటికి రాగానే, ఉప్పు ఆరి అట్టకట్టక ముందే, బకెట్టు మామూలు నీళ్లతో ఫ్రేము, చక్రాలు, బ్రేకులు, చైను కడిగివేయాలి. కార్లు కడిగే యంత్రపు ధారను మాత్రం ఇరుసుల మీదికి గురిపెట్టరాదు. ఆ ఒత్తిడికి సీళ్లను దాటి నీరు బేరింగుల్లోకి చొరబడుతుంది, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. సైకిలును రెండుసార్లు నేల మీద తేలికగా ఎగరవేస్తే నిలిచిన నీరు రాలిపోతుంది. ఆపైన పొడిగుడ్డతో తుడవాలి.

చైను పూర్తిగా ఆరిన తరువాత ఒక్కొక్క లంకె మీద ఒక్కొక్క చుక్క చొప్పున నూనె వేసి, పెడలును కాసేపు వెనక్కి తిప్పాలి. నూనె లోపలికి ఇంకాక పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచివేయాలి. ఈ చివరి పనినే చాలామంది వదిలేస్తారు. నూనెకు పని లోపల ఉన్న పిన్నుల వద్దనే. పైన మిగిలిన జిడ్డు ఇసుకను ఆహ్వానించడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. డిస్కు బ్రేకులున్న సైకిలుకు ఇంకొక జాగ్రత్త అవసరం. డిస్కు మీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టు సడలుతుంది.

ఇంటింటా కనిపించే డబ్ల్యూడీ-40 డబ్బాతోనే పని ముగించేవారూ ఉన్నారు. అమెరికాలో 1953లో రూపొందిన ఆ ద్రవం పేరులోని తొలి రెండక్షరాలకు నీటిని తొలగించడమని అర్థం. 40 అన్నది విజయవంతమైన ప్రయత్నం వరుససంఖ్య. తడిని తరమడంలో అది దిట్ట. కానీ చలికాలమంతా చైనును కాచే చిక్కటి నూనెకు అది ప్రత్యామ్నాయం కాదు.

చైను చెప్పే లెక్క

స్విట్జర్లాండులో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన ఇంజనీరు హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించిన రోలర్ చైను నమూనాయే నేటి సైకిళ్లకూ ఆధారం. రేసు సైకిలు చైనులో నూటికి పైగా లంకెలుంటాయి. పిన్ను నుంచి పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం. అంటే 24 లంకెలు 12 అంగుళాలు. ఉప్పునీటితో కలిసిన ఇసుక ప్రతి పిన్నునూ ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ అరుగుదలంతా కలిసి చైను పొడవుగా బయటపడుతుంది.

కనుక ఒక ఉక్కు స్కేలు చాలు. ఆ 24 లంకెలు 12 అంగుళాలను దాటి అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చవలసిన సమయం వచ్చిందన్నమాట. ఎనిమిదో వంతు పెరిగేదాకా ఊరుకుంటే అప్పటికే పళ్లచక్రాలు కూడా చెడి ఉంటాయి. చైనుతో పోయే ఖర్చు అనేక రెట్లవుతుంది.

ప్రాణం ఆధారపడిన చోటు

ఇంతవరకు చెప్పినదంతా ధననష్టం. ప్రాణనష్టానికి తావిచ్చేది చక్రపు రిమ్ము. రిమ్మును రబ్బరు దిమ్మలతో పట్టే బ్రేకులు నేటికీ ఎన్నో సైకిళ్లకు ఉన్నాయి. రోడ్డు మీది ఇసుక ఆ రబ్బరులో గుచ్చుకొని, బ్రేకు వేసిన ప్రతిసారీ అల్యూమినియం గోడను గీకుతుంది. వానలో బ్రేకు వేసినప్పుడు వినిపించే కరకర శబ్దం అదే. లోపలి గాలి ఒత్తిడిని ఆపుతున్నది ఆ పలుచని గోడ. అది అరిగి అరిగి కాగితమంతయ్యాక, ఏ పల్లం దిగుతున్నప్పుడో ముందుగా చెప్పకుండా చీలిపోవచ్చు. ముందు చక్రమైతే సైకిలిస్టు చేయగలిగినది ఏమీ ఉండదు.

ఈ ప్రమాదాన్ని కనిపెట్టడం కష్టం కాదు. చాలా రిమ్ముల మీద అరుగుదలను సూచించే సన్నని గాడిగానీ చిన్న గుంటగానీ ఉంటుంది. అది చెరిగిపోతే, లేదా గోడ వేలికి లోపలికి వంగినట్టు తగిలితే, ఆ రిమ్ము ఆయువు తీరినట్టే. వారానికొకసారి బ్రేకు రబ్బర్లు విప్పి, వాటిలో గుచ్చుకున్న అల్యూమినియం రవ్వలను సూదితో ఏరివేసి, రిమ్మును శుభ్రంగా తుడిస్తే దాని ఆయుర్దాయం గణనీయంగా పెరుగుతుంది. బ్రేకు తీగ చివర ఒక్క పోగు తెగి కనిపించినా తీగ మార్చడమే ఉత్తమం.

బయలుదేరే ముందు

మడ్‌గార్డులు పెట్టుకుంటే రేసు సైకిలు అందం చెడుతుందని కుర్రవాళ్లు బాధపడతారు. కానీ అవి వెనుక వచ్చేవాని ముఖాన్ని మాత్రమే కాపాడేవి కావు. చక్రం ఎగజిమ్మే ఉప్పునీరు బ్రేకుల మీద, సీటు గొట్టం మీద పడకుండా అడ్డుకుంటాయి. అందుకే మడ్‌గార్డు లేనివారిని చలికాలపు సామూహిక యాత్రలకు రానివ్వని క్లబ్బులు బ్రిటన్‌లో ఉన్నాయి.

టైర్ల సంగతి వేరు. పక్షులు గూళ్లు కట్టే వసంత, గ్రీష్మాలలో రైతులు పొలాల కంచెలు నరకరు. ఆ పని శరత్కాలంలోనూ చలికాలంలోనూ సాగుతుంది. ముళ్లు దారుల మీద రాలేది అప్పుడే. పైగా తడిసిన రబ్బరును చెకుముకి రాతి ముక్కలు సులువుగా కోస్తాయి. అందువల్ల కాస్త వెడల్పైన, గట్టి పొర గల టైర్లు వేసుకొని, తిరిగి వచ్చిన ప్రతిసారీ వాటిని తడిమి చూసుకోవాలి. చలికి కొయ్యబారిన వేళ్లతో చీకట్లో పంక్చరు వేయడం ఎంత నరకమో అనుభవించినవారికే తెలుసు.

సీటు గొట్టాన్ని కొన్ని నెలలకొకసారి బయటికి తీసి, తుడిచి, లోహానికి లోహమైతే గ్రీజు, కార్బన్ అయితే దానికై తయారుచేసిన పేస్టు రాసి మళ్లీ దింపాలి. అయిదు నిమిషాల ఆ పని ఒక ఫ్రేమును దక్కిస్తుంది.

బ్రిటన్‌లో పాతకాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. స్తోమత గలవారు మంచి సైకిలును అటకెక్కించి, చలికాలానికి ఒక పాతదాన్ని బయటికి తీస్తారు. కానీ ఒకే సైకిలు ఉన్నవారే ఎక్కువ. ఆ మాటకొస్తే మంచే ఎరుగని విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల వారికీ ఈ పాఠం కొత్త కాదు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు సైకిళ్లను ఎంత త్వరగా తుప్పు పట్టిస్తుందో అక్కడి సైకిలు షాపుల వారికి బాగా తెలుసు.

ఉప్పు లేని రోడ్డును చలికాలంలో ఎవరూ కోరుకోరు. దాని మేలును దారిలోనే స్వీకరించి, కీడును గుమ్మం ముందే కడిగివేయడం వివేకం. తేనీరు పది నిమిషాలు ఆలస్యమైనా మళ్లీ కాచుకోవచ్చు. లోపల అరిగిపోయిన రిమ్ము మాత్రం ఎవరికోసమూ ఆగదు.