ఆరో ఏట ఆరో పన్ను

పాలపన్ను ఊడితే మీ ఇంట్లో ఏం చేస్తారు? ఇంటి కప్పు మీదికి విసిరేయడం మనవాళ్ళ అలవాటు. పెంకుటిల్లయినా, రేకుల ఇల్లయినా, స్లాబు వేసిన మేడయినా పన్ను పైకి వెళ్ళవలసిందే! ఊడిన చోట కొత్త పన్ను వస్తుందని పిల్లలకు ఒకటే సంబరం. రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకుంటారు.

కాని ఒక పన్ను ఉంది. అది వచ్చేటప్పుడు ఏ పన్నూ ఊడదు. ఎవరూ దేన్నీ కప్పు మీదికి విసరరు. పాలపళ్ళన్నిటికీ వెనకగా, చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటుంది. అది వచ్చిన సంగతి చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకు కూడ తెలియదు. తెలిసినా "ఇదీ పాలపన్నేలే, పుచ్చినా ఊడిపోయి మళ్ళీ వస్తుంది" అనుకుంటారు. అది మళ్ళీ రాదు. ఆ పన్ను కథే ఇది.

బోరబండలో ఒక ఇల్లు

హైదరాబాదులోని బోరబండలో ఒక ఇల్లు ఉందనుకుందాం. అక్క తొమ్మిదో తరగతి, చెల్లెలు ఒకటో తరగతి చదువుతున్నారు. తమ్ముడికి ఎనిమిది నెలలు. అమ్మ పుట్టి పెరిగింది నల్లగొండ జిల్లాలో. అమ్మ ముందరి పళ్ళ మీద గోధుమరంగు గీతలున్నాయి. అందుకే నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

ఒకరోజు అక్క బడి నుంచి వచ్చి, "అమ్మా, నీ పళ్ళ మీది గీతలు ఫ్లోరైడు వల్లనట. మన టూత్‌పేస్టులోనూ ఫ్లోరైడు ఉందని ట్యూబు మీద రాసి ఉంది. మరి చెల్లికి దానితో ఎందుకు తోముతున్నావే?" అని అడిగింది. అమ్మ జవాబు చెప్పలేకపోయింది. ప్రశ్న మంచిదే. దీనికి జవాబు తెలియాలంటే, ముందు పన్ను ఎలా తయారవుతుందో చూడాలి.

ఒక్కసారే కట్టే గోడ

పంటి పైన తెల్లగా మెరిసే పొరను పింగాణీ పొర లేదా ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికంటె గట్టి పదార్థం అదే. బరువులో దాదాపు 96 వంతులు ఖనిజమే. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీఎపటైట్. అందులో ముఖ్యంగా ఉండేవి కాల్షియం, ఫాస్ఫేటు.

ఈ గోడను కట్టే మేస్త్రీలు కొన్ని ప్రత్యేకమైన కణాలు. పన్ను ఇంకా చిగురు కింద, దవడ ఎముకలో ఉండగానే అవి పొరమీద పొర వేసి గోడ పూర్తిచేస్తాయి. పన్ను పైకి వచ్చేసరికి ఆ కణాలు నశించిపోతాయి. ఇక్కడే ఉంది అసలు సంగతి. చర్మం తెగితే మానుతుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌కు రంధ్రం పడితే మాత్రం మళ్ళీ పూడదు. కట్టే మేస్త్రీలే లేరు కదా!

కాబట్టి పంటికి రెండు కాలాలు ఉన్నాయన్నమాట: చిగురు కింద తయారయ్యే కాలం ఒకటి, నోట్లోకి వచ్చాక పనిచేసే కాలం ఒకటి. ఫ్లోరైడు రహస్యమంతా ఈ రెండు కాలాల తేడాలోనే ఉంది.

అమ్మ పళ్ళు చెప్పే కథ

మన రాష్ట్రాల నేల కింద చాలాచోట్ల గ్రానైటు బండ ఉంది. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. లోతైన బావులలో, బోర్లలో నీరు ఆ బండతో చాలాకాలం కలిసి ఉండి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నల్లగొండ జిల్లాలో అనేక ఊళ్ళ బావులలో దీనికి కొన్ని రెట్లు ఉండేది. ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించి ప్రకటించారు. తరువాత నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించారు. దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు వచ్చింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కింద ఆ జిల్లా ఊళ్ళకు పైపుల ద్వారా కృష్ణా నీరు అందించారు.

చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు రక్తంలో కలిసి, చిగురు కింద పనిచేస్తున్న మేస్త్రీ కణాలను చేరుతుంది. ఎక్కువైతే వాటి పని చెడుతుంది. గోడలో సన్నని ఖాళీలు మిగిలిపోతాయి. పన్ను పైకి వచ్చాక ఆ ఖాళీలలోకి రంగు చేరి గోధుమ గీతలవుతాయి. ఇదంతా సుమారు ఎనిమిదేళ్ళ లోపల, పళ్ళు తయారవుతుండగానే జరిగేది. అంటే అమ్మ పళ్ళ గీతలు తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. చిన్నతనంలో తాగిన నీరు రాసి పెట్టిన గీతలు అవి. అమ్మ కొంగు అడ్డం పెట్టుకోవలసిన పనే లేదు.

మరి టూత్‌పేస్టు సంగతి? అది పనిచేసేది రెండో కాలంలో. పైకి వచ్చిన పంటి ఉపరితలానికి కొద్దిపాటి ఫ్లోరైడు తగిలితే, అక్కడి ఖనిజం ఆమ్లానికి తొందరగా కరగకుండా గట్టిపడుతుంది. రాసి ఉమ్మేసేదే గాని మింగేది కాదు. లెక్క కూడ చూడండి. ట్యూబు మీద 1000 పీపీఎం అని ఉంటే, ఒక గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉందని అర్థం. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము. చంటిపిల్లవాడు మింగేసినా 0.1 మిల్లీగ్రామే. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బావినీరు రోజుకు ఒక లీటరు తాగితే 4 మిల్లీగ్రాములు, అంటే 40 రెట్లు! అందుకే చిన్నపిల్లలకు పేస్టు వద్దనరు, కొంచెమే వేయమంటారు.

అద్దం ముందు ఒక లెక్క

ఇప్పుడు మన పంటి దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో ఆరేడేళ్ళ పిల్లలుంటే వెలుతురులో నోరు తెరవమనండి. కింది దవడ మధ్య గీత నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఒకటి, రెండు కొరికే పళ్ళు. మూడు కోరపన్ను. నాలుగు, అయిదు నమిలే పాలపళ్ళు. ఊడిన పన్ను ఉంటే ఆ ఖాళీని కూడ లెక్కలో వేసుకోవాలి. పాలపళ్ళు ఒక్కో పక్కకు అయిదే. అయిదో పంటి వెనక ఆరోది కనిపించిందా? అదే మొదటి శాశ్వత దవడపన్ను. ఆరో ఏట వచ్చే ఆరో పన్ను. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు వస్తాయి.

ఈ పన్ను తయారీ పుట్టిన రోజులలోనే మొదలై, మూడేళ్ళకు పై భాగం పూర్తవుతుంది. నమలడంలో పెద్ద భారం దీనిదే. అది పోతే వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి పన్ను సాగివస్తుంది. మొత్తం వరసే చెడుతుంది.

దీనికి పొంచి ఉన్న ప్రమాదాలు మూడు. మొదటిది, దాని పైభాగంలో లోతైన సందులు ఉంటాయి. కొన్ని సందులు బ్రష్షు వెంట్రుక కూడ దూరనంత సన్నం. రెండవది, అది పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అంతవరకు పక్క పళ్ళకంటె పల్లంలో ఉంటుంది గనుక బ్రష్షు దానిమీద నుంచి దాటిపోతుంది. మూడవది, ఆరేళ్ళ పిల్లలకు చక్కగా తోముకునే నేర్పు ఉండదు.

పుచ్చు ఎలా మొదలవుతుంది?

పళ్ళ మీద పట్టే పాచిలో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవీ తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీద పి.హెచ్. 5.5 కంటె తగ్గితే ఎనామిల్ నుంచి ఖనిజం కరిగిపోతుంది. చక్కెర తగిలిన కొద్ది నిమిషాలకే పి.హెచ్. పడిపోతుందని, మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ స్టీఫన్ 1940లలో కొలిచి చూపించాడు.

ఈ నష్టాన్ని పూడ్చేది మన లాలాజలం. అది ఆమ్లాన్ని తగ్గించి, కరిగిన ఖనిజాన్ని తిరిగి పంటికి అందిస్తుంది. కాని దానికి సమయం కావాలి. అయిదు చాక్లెట్లు భోజనం కాగానే ఒకేసారి తింటే ఆమ్లం దాడి ఒక్కటి. అవే గంటకొకటి చొప్పున తింటే అయిదు దాడులు! లాలాజలానికి తీరికే దొరకదు. కాబట్టి ఎంత తిన్నారన్నది మాత్రమే కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నది కూడ ముఖ్యం. చాయ్‌లో ముంచుకునే బిస్కట్టు, పల్లీపట్టి వంటివి సందులలో అతుక్కుని దాడిని ఇంకా పొడిగిస్తాయి.

మొదట కనిపించేది సున్నపు తెలుపు మచ్చ. అప్పటికి ఖనిజం తిరిగి చేరగలదు. రంధ్రం పడ్డాక మాత్రం డాక్టరు పూడ్చవలసిందే.

ఎవరికి ఏం చేయాలి?

తమ్ముడికి: మొదటి పన్ను సుమారు ఆరో నెలలో వస్తుంది. వచ్చిన రోజు నుంచే చిన్న మెత్తని బ్రష్షుతో, బియ్యపు గింజంత ఫ్లోరైడు పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకూడదు. నిద్రలో లాలాజలం తక్కువ. పాలలోని చక్కెర పళ్ళ దగ్గరే నిలిచిపోతుంది. మొదటి పుట్టినరోజు లోపల ఒకసారి దంతవైద్యునికి చూపించాలి. "పాలపళ్ళే కదా" అని వదిలేయరాదు. శాశ్వత పళ్ళకు చోటు కాపాడేవి అవే.

చెల్లికి: మూడేళ్ళు దాటాక పేస్టు బఠానీ గింజంత చాలు. ఉమ్మేయాలి గాని మింగరాదు. ఏడెనిమిదేళ్ళ వరకు రాత్రిపూట పెద్దవాళ్ళే తోమాలి. ఆరో పంటికి బ్రష్షును బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి తోమితే అందుతుంది. దాని సందులను సీలెంటు అనే పూతతో మూయవచ్చు. నొప్పి ఉండదు, సూది అక్కరలేదు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట్ల అడిగి తెలుసుకోవచ్చు.

అక్కకు, అంటే మీకు: పన్నెండేళ్ళ ప్రాంతంలో ఏడో పన్ను కూడ ఇలాగే వెనక చప్పుడు లేకుండా వస్తుంది. దాన్నీ కనిపెట్టండి. ఈ వయసులో చిగుళ్ళు తొందరగా వాస్తాయి. రక్తం వస్తే తోమడం మానకండి. చిగురు అంచున మెత్తగా, శ్రద్ధగా తోమండి. తగ్గకపోతే డాక్టరుకు చూపండి. బొగ్గుపొడి, ఇటుకపొడి వాడకండి. అవి ఎనామిల్‌ను గీకేస్తాయి. వేపపుల్ల పాచిని తీస్తుంది గాని, అందులో ఫ్లోరైడు లేదు, ఆరో పంటి వెనకకు అందదు కూడ.

ఆటలో దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడివస్తే, వేరు భాగాన్ని ముట్టకుండా పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, అదే చోట పెట్టి గుడ్డతో అదిమి పట్టండి. అలా కుదరకపోతే పాలలో వేసి వెంటనే దంతవైద్యుని దగ్గరికి పరుగెత్తండి. అరగంట లోపలయితే పన్ను నిలిచే అవకాశం ఎక్కువ. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

ఈ రాత్రి ఏం చేస్తారు?

అమ్మ పళ్ళు తయారయ్యే రోజులలో ఆ ఊరి నీటిని మార్చడం ఆమె చేతిలో లేదు. చెల్లి ఆరో పన్ను గోడ గట్టిగానే కట్టి ఉంది. దాన్ని నిలుపుకోవడం మాత్రం ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ చెల్లినో తమ్ముణ్ణో దీపం దగ్గర కూర్చోబెట్టి, ఒకటి నుంచి ఆరు వరకు లెక్కపెట్టండి. ఆరోది కనిపిస్తే బ్రష్షు మీరే తీసుకోండి. కప్పు మీదికి విసిరే పన్ను కాదది. డెబ్భై ఏళ్ళు నమలవలసిన పన్ను!