గిన్నె నిండా నీళ్లున్నా గొంతెండే ఊసరవెల్లి

* కన్ను చూస్తే దాహం తెలుస్తుంది
* పట్టుకొచ్చి పెంచితే నేరం... దారి చూపి వదిలితే మేలు

హోసూరు: వానలు వెనకపట్టిన రోజులు. చేను గట్టున కంచెలో ఊసరవెల్లి కనబడుతుంది. బడి నుంచి వచ్చే పిల్లలు దాన్ని పుల్లతో దించి, చెప్పుల డబ్బాలో పెట్టి ఇంటికి తెస్తారు. నాలుగు ఆకులు వేసి, ఒక మూల డబ్బీ మూత నిండా నీళ్లు పెడతారు. మొదటి రోజు అది బుస కొడుతుంది, నల్లబడుతుంది. రెండో రోజు కదలదు. మూడో రోజుకు పట్టపగలే కళ్లు మూసుకుంటుంది. ‘అవ్వా, నీళ్లు పెట్టినా తాగలేదే’ అని పిల్లోడు బిక్కమొహం వేస్తాడు. ‘దాని మాను మీద దాన్ని వదిలేసి రాపోరా’ అంటుంది అవ్వ.

హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. పిల్లల మనసులో పాపం లేదు. పెట్టిన నీళ్లూ మంచివే. మరి పక్కనే నీళ్లు పెట్టుకుని ఆ జీవి ఎందుకు ఎండిపోయినట్టు?

కదలని నీళ్లు దానికి పట్టవు

ఊసరవెల్లి బతుకంతా కొమ్మల మీదే. గుడ్లు పెట్టడానికో, ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోవడానికో తప్ప నేల మీదికి దిగదు. అందుకే చెరువు, కుంట, గిన్నె దాని లెక్కలో లేవు. తెల్లవారుజామున ఆకుల మీద పట్టిన మంచు, వాన వెలిసిన తర్వాత ఆకు కొసన నిలిచిన చుక్క... ఇవే దాని తాగునీళ్లు. చుక్క మెరిసినా, జారినా చూసి నాలుకతో అందుకుంటుంది. గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లను చాలావరకు నీళ్లుగానే గుర్తించదు. కాబట్టి నిండు గిన్నె పెట్టినా దానికి ఎండు గిన్నెతో సమానమే.

తాగడంలోనూ తొందర ఉండదు. ఆకులు తడిశాక కాసేపు చుట్టూ చూస్తుంది. భయం తీరాకే నాలుక చాపుతుంది. మనిషి ఎదురుగా నిలబడితే ఆ కాస్తా తాగదు.

కన్నే అద్దం

ఊసరవెల్లి కన్ను తక్కిన జీవుల కన్ను వంటిది కాదు. పై రెప్ప, కింది రెప్ప కలిసిపోయి గుమ్మటంలా గుడ్డును కప్పేసి ఉంటాయి. నడిమధ్య మిగిలేది చిన్న రంధ్రమే. రెండు కళ్లూ వేటికవే తిరుగుతాయి. ఒకటి ముందు కొమ్మను చూస్తుంటే, రెండోది వెనక వచ్చే కాకిని కనిపెడుతుంది. పురుగు కనబడితే మాత్రం రెండూ ఒకే చోట నిలుస్తాయి. దూరం కొలుచుకుని, ఒంటి పొడవును మించిన నాలుకను రెప్పపాటులో విసురుతుంది.

ఆ కొలత అంతా కంటిదే. అందుకే దాని ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందుగా చూడాల్సింది కన్నే. ఒంట్లో నీరు తగ్గితే గుండ్రంగా పైకి ఉండాల్సిన కన్ను గుంటపడుతుంది. పెంటలో తెల్లగా కనిపించే భాగం పసుపు, ఆపై నారింజ రంగుకు తిరుగుతుంది. చర్మం ముడతలు పడుతుంది. పట్టుకోగానే బెదిరి కాసేపు కన్ను లోపలికి లాక్కోవడం కూడా దానికి అలవాటే. కాబట్టి చేతిలో ఉన్నప్పుడు చూసి తేల్చకూడదు, కొమ్మ మీద నిమ్మళంగా ఉన్నప్పుడు చూడాలి.

కంటిలో దుమ్ము పడితే కడుక్కోవడానికీ నీళ్లే దిక్కు. సాయంత్రం పూట కన్ను ఉబ్బించి, గిరగిరా తిప్పి, కొమ్మకేసి రుద్దుకోవడం మామూలే. అది దాని శుభ్రం. రోజంతా రుద్దుతున్నా, ఒక కన్ను మూసే ఉన్నా, రెప్ప వాచినా అది జబ్బు. రాత్రి కళ్లు మూసి, రంగు వెలిసినట్టు తెల్లబడి నిద్రపోతుంది. పగటిపూట కళ్లు మూసుకుందంటే నిద్ర అనుకోకూడదు, ప్రాణం మీదికి వచ్చిందనే లెక్క.

ఇక్కడే ఒక గొలుసు ఉంది. నీళ్లు అందకపోతే కన్ను దెబ్బతింటుంది. కన్ను దెబ్బతింటే నాలుక గురి తప్పుతుంది. గురి తప్పితే పురుగు దొరకదు. పురుగులోని తడి కూడా దానికి నీళ్ల కిందే లెక్క కాబట్టి దాహం మరింత ముదురుతుంది. చెప్పుల డబ్బాలో మూడు రోజుల్లో జరిగేది ఇదే.

ఏ భాషలోనూ మంచిపేరు లేదు

తమిళంలో పచ్చోంది, కన్నడంలో గోసుంబె, ఒడియాలో బహురూపీ ఎండుఅ, మరాఠీలో సరడా. సరిహద్దు దాటితే పేరు మారుతుంది గాని నింద మారదు. పార్టీ మారిన నాయకుడిని తిట్టాలంటే అన్ని భాషల్లోనూ దీని పేరే ఎత్తుతారు. కరిస్తే మనిషి బతకడని పల్లెల్లో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కనబడితే రాయి విసిరేవాళ్లూ ఉన్నారు. నిజానికి దీనికి విషమే లేదు.

తొండకూ దీనికీ తేడా తెలియక పడే తిప్పలు మరికొన్ని. గోడల మీద, కంచెల మీద తల ఊపుతూ, గొంతు ఎర్రబడి చురుగ్గా పరుగెత్తేది తొండ. ఊసరవెల్లి పరుగెత్తలేదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ అడుగేస్తుంది. వేళ్లు పటకారులా రెండు కట్టలుగా ఉంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. మన దేశంలో ఉన్న ఊసరవెల్లి జాతి ఇదొక్కటే.

రంగు మార్చడం మోసమన్న మాటా అంతే. ఎండ, చలి, భయం, కోపం... వీటిని బట్టే రంగు మారుతుంది. చర్మంలోని కణాల్లో ఉండే అతి సన్నని స్ఫటికాల మధ్య ఎడం మారితే వాటి మీద పడిన వెలుగు రంగు మారుతుందని జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో మడగాస్కర్ జాతి మీద తేల్చి చెప్పారు.

దీని మీద జాలి చూపిన కథ కూడా మన దగ్గర ఉంది. పాపఫలంగా ఊసరవెల్లి అయిన నృగ మహారాజు పాడునూతిలో పడి ఉంటే శ్రీకృష్ణుడు పైకి తీసి విముక్తి కలిగించాడని భాగవతం చెబుతుంది. ఆ కథ విన్న ఊళ్లలోనే దీన్ని రాళ్లతో కొట్టడం విడ్డూరం.

పెంచేవాళ్లు నేర్చిన పాఠం

అమెరికా, యూరప్ దేశాల్లో ఊసరవెల్లిని ఇంట్లో పెంచే అలవాటు ఉంది. అక్కడ ఎక్కువగా పెంచేది రెండు జాతులు. ఒకటి యెమెన్, సౌదీ అరేబియా కొండల నుంచి వచ్చిన తలపాగా జాతి. రెండోది మడగాస్కర్ నుంచి వచ్చిన రంగురంగుల పాంథర్ జాతి. మొదట్లో చాలామంది గాజు తొట్టిలో పెట్టి, గిన్నెతో నీళ్లిచ్చి పోగొట్టుకున్నారు. తర్వాత తెలివి తెచ్చుకున్నారు.

ఇప్పుడు గాలి ఆడే జల్లి పంజరం వాడతారు. లోపల మందారం, మనీప్లాంట్ వంటి నిజమైన మొక్కలు పెడతారు. ఉదయం, సాయంత్రం కొన్ని నిమిషాల పాటు మంచులాంటి సన్నని తుంపర కొట్టి ఆకులు తడుపుతారు. పైనుంచి ఒక్కో చుక్కా ఆకు మీద పడే ఏర్పాటు చేస్తారు. నడుమ పంజరం పూర్తిగా ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంచితే చర్మానికి, ఊపిరితిత్తులకు రోగం పట్టుకుంటుంది.

కంటి జబ్బుకు నీళ్ల కొరత ఒక్కటే కారణం కాదు. విటమిన్-ఎ తగ్గితే రెప్పలు వాస్తాయి. అలాగని ఎక్కువ ఇస్తే అదే విషం. ఎండకు బదులుగా పెట్టే అతినీలలోహిత దీపం మరీ దగ్గరగా ఉన్నా కళ్లు మండి మూసుకుపోతాయి. దుమ్ము, గాయం, నోటి పుండు నుంచి పాకిన చీము కూడా కారణం కావచ్చు. ఏదో తేల్చకుండా చుక్కల మందు వేస్తే ఉన్న కన్నూ పోతుంది. ముఖ్యంగా కంటిపాప మీద పుండు ఉన్నప్పుడు మనుషులకు వాడే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పరిస్థితి విషమిస్తుంది. సెలైన్‌తో కడగడం, చర్మం కింద నీళ్లు ఎక్కించడం పశువైద్యుడు చేయాల్సిన పని.

మన దగ్గర పెంచకూడదు

ఇదంతా చదివి మన కంచెలో ఉన్నదాన్ని తెచ్చి పెంచుకుందామంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన ఊసరవెల్లికి రక్షణ ఉంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. జైలు, జరిమానా తప్పవు. తమిళనాడైనా, కర్ణాటకైనా, ఒడిశా, మహారాష్ట్ర అయినా చట్టం ఒకటే. గట్టు దాటిస్తే పోతుందనుకోవడం పొరపాటు.

విదేశీ జాతి అయినా ఇష్టారాజ్యం కాదు. పై రెండు జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందాల ప్రకారం ఆంక్షలున్నాయి. అలాంటి జీవులు ఉన్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది. చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో బ్యాంకాక్ నుంచి వచ్చే పెట్టెల్లో విదేశీ సరీసృపాలు పట్టుబడుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. పెట్టెలో కుక్కి తెచ్చిన జీవికి దారిలో తుంపర కొట్టేదెవరు? కాగితాలు లేకుండా కొన్నవాళ్లు జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోవడానికీ భయపడతారు. నష్టపోయేది చివరికి ఆ మూగజీవే.

ఎదురుపడితే ఏం చేయాలి?

* రోడ్డు దాటుతుంటే చేత్తో పట్టి లాగొద్దు. ముందు ఒక కొమ్మ పెడితే దానంతట అదే ఎక్కుతుంది. ఎటు పోతోందో ఆ వైపు పొదలో వదలండి. వానల తర్వాత నేల మీద కనిపించేది గుడ్లు పెట్టడానికి దిగిన తల్లి కావచ్చు.

* ఆరోగ్యంగా ఉంటే ఇంటికి తేవద్దు. నీళ్లు పట్టాలన్న ఆలోచనా వద్దు.

* దెబ్బ తగిలినా, పగలే కళ్లు మూసుకున్నా గాలి ఆడే అట్టపెట్టెలో కొమ్మ, ఆకులు పెట్టి నీడన ఉంచండి. మొక్కలకు కొట్టే చేతి స్ప్రేతో ఆకుల మీద సన్నగా తుంపర చల్లి దూరం జరగండి. పురుగుమందు కొట్టిన స్ప్రే డబ్బా వాడొద్దు.

* నోరు తెరిచి నీళ్లు పోయొద్దు. గాలి గొట్టం నాలుక దగ్గరే ఉంటుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే క్షణాల్లో ప్రాణం పోతుంది.

* ఆముదం, పసుపు నీళ్లు, ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు... ఏవీ వేయొద్దు. కన్ను గిల్లి తెరవొద్దు.

* ఆ రోజే దగ్గరి అటవీ శాఖ కార్యాలయానికి చెప్పండి. తాలూకా పశువుల ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి ఆవులు, మేకలే. సరీసృపాల వైద్యం జూపార్కుల డాక్టర్లకు బాగా అలవాటు. ఎక్కడికి తరలించాలో అటవీ శాఖవాళ్లు చూస్తారు.

* తోటల్లో పురుగుమందు కొట్టేటప్పుడు చెట్ల మీద ఒకసారి చూడండి. దానికి ఆకు మీది చుక్కే తాగునీరు, ఆకు మీది పురుగే తిండి. మందు ఆ రెండింటి మీదా పడుతుంది.

ఊసరవెల్లికి ఇంటి కప్పు అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. మంచు పట్టే ఆకు, ఎక్కడానికి కొమ్మ ఉంటే చాలు. అవి రెండూ ఉన్న మాను ఊరి చివర ఉండనే ఉంది. పుస్తకాలు చదవకపోయినా అవ్వ చెప్పిన వైద్యమే సరైంది. దాని మాను మీద దాన్ని వదిలేయడమే.